నాలుగో తరగతి కబురు ఇంటికి చేర్చడం ఎలా: జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒక మార్గదర్శి

బిడ్డను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు బడి గడప దగ్గర నిలబడి ప్రతి చిన్న విషయమూ అడిగి తెలుసుకుంటారు. ఐదో తరగతికి వచ్చేసరికి నవోదయ పరీక్ష, ఆరో తరగతికి ఏ హైస్కూలు అన్న ఆలోచనలు వారిని మళ్ళీ బడికి రప్పిస్తాయి. ఈ రెంటి మధ్య నాలుగో తరగతి చడీచప్పుడూ లేకుండా గడిచిపోతుంది. చదువులో మెలిక పడేది మాత్రం సరిగ్గా ఈ ఏడాదే. మూడో తరగతి దాకా టీచరు చదివి వినిపిస్తే అర్థం చేసుకున్న బిడ్డ, ఇప్పుడు పరిసరాల విజ్ఞానం పాఠాన్ని తానే చదువుకొని సొంత మాటల్లో జవాబు రాయవలసి వస్తుంది. లెక్కల్లో పెద్ద గుణకారాలు, భాగహారం, భిన్నాలు ఎదురవుతాయి. ఎక్కాలు గట్టిగా రాని బిడ్డ భాగహారం దగ్గర ఆగిపోతాడు. రోజూ సంచి తగిలించుకొని బడికి వెళ్ళివస్తూనే ఉంటాడు కాబట్టి ఆ ఆగిపోవడం ఇంట్లో ఎవరి కంటా పడదు.

ప్రకాశం జిల్లాలో కొండపి, టంగుటూరు వైపు పొగాకు పండించే పల్లెల్లో చాలాకాలం నాలుగో తరగతికి పాఠాలు చెప్పిన అనుభవంతో ఈ వివరాలు రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన సెకండరీ గ్రేడ్ టీచర్లను (ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పేవారిని) దృష్టిలో పెట్టుకొని రాసినా, తల్లిదండ్రుల కమిటీ సభ్యులకూ ఇందులో పనికొచ్చే సంగతులు ఉంటాయి. ఇది మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన అదనపు సేవ కాదని ముందుగా గుర్తుంచుకోవాలి. 2009 విద్యా హక్కు చట్టంలోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో సాధించిన ప్రగతి వారికి తెలియజేయాలని స్పష్టంగా నిర్దేశించింది. ఎలా తెలియజేయాలో చట్టం చెప్పలేదు. ఆ భాగాన్ని మనమే పూరించుకోవాలి.

మొదటి పని: జూన్‌లో కబుర్ల పుస్తకం

బడి తెరిచిన రెండు వారాల లోపు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకొని, ఒక్కొక్క బిడ్డకు రెండు పేజీలు కేటాయించండి. హాజరు పట్టీలో ఉన్న ఫోను నంబరును అందులోకి ఎక్కించి ఊరుకుంటే ఉపయోగం లేదు. ఆ నంబరు మూడేళ్ళ కిందటిది కావచ్చు, బిడ్డ మేనమామది కావచ్చు, ఎప్పుడో మారిపోయిన సిమ్ముది కావచ్చు. ప్రతి నంబరుకూ స్వయంగా ఒకసారి ఫోను చేసి, అవతల మాట్లాడింది ఎవరో, బిడ్డకు ఏమవుతారో రాసుకోవాలి.

ఆ రెండు పేజీల్లో తప్పక ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. బిడ్డ రాత్రిళ్ళు ఎవరి దగ్గర పడుకుంటాడన్నది మొదటిది. కనిగిరి, వెలిగండ్ల, పామూరు ప్రాంతాల నుంచి తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్తే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండిపోవడం మామూలే. అలాంటప్పుడు కబురు రెండు చోట్లకు వెళ్ళాలి. రోజువారీ సంగతులు ముసలమ్మకు, నెలకోసారి వివరంగా చెప్పవలసినవి ఊళ్ళో లేని తల్లికి. ఇంట్లో తెలుగు చదవగలిగినవారు ఎవరు, ఫోను ఎవరి చేతిలో ఎన్ని గంటలకు ఉంటుంది, అందులో వాట్సాప్ ఉందా, ఏ నెలల్లో కుటుంబం పనుల కోసం ఊరు విడిచి వెళ్తుంది అన్నవి ఆ తరువాతివి. చదవగలిగినవారు ఎవరని అడిగేటప్పుడు మాట జాగ్రత్తగా ఉండాలి. ‘మీకు చదవడం వచ్చా?’ అని ముఖం మీద అడిగితే చాలామంది వచ్చని తల ఊపుతారు. ‘చీటీ రాసి పంపమంటారా, ఫోనులో చెప్పమంటారా, ఏది మీకు వీలు?’ అని అడిగితే నొచ్చుకోకుండా నిజం చెబుతారు.

ఈ సందర్భంలోనే అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న బిడ్డ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు చదివి వినిపించి, ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇంటివారి చేత సరిచూపించండి. నాలుగో తరగతిలో ఇది అంత తొందర పని అనిపించకపోవచ్చు. గురుకులం దరఖాస్తు నుంచి పదో తరగతి సర్టిఫికెట్ దాకా అదే పేరు, అదే తేదీ వెంట నడుస్తాయి కాబట్టి, ఒక్క అక్షరం తేడాను ఇప్పుడు సరిచేయడం పదో తరగతిలో తిరగడం కంటే ఎంతో తేలిక. అపార్ గుర్తింపు సంఖ్య (ప్రతి విద్యార్థి చదువు వివరాలకు ఇచ్చే శాశ్వత సంఖ్య) కోసం సమ్మతి పత్రం మీద సంతకం అడిగినా, మరే కాగితం అడిగినా, అది దేనికో రెండు వాక్యాల్లో చెప్పిన తరువాతే అడగాలి. కారణం చెప్పకుండా నాలుగుసార్లు కాగితాలు తెమ్మని కబురంపితే, అయిదోసారి బడి నుంచి ఏ కబురు వచ్చినా జెరాక్సు కోసమేనని వారు అనుకుంటారు.

రెండో పని: ఏడాది మొత్తాన్ని ఒక్క కాగితం మీదికి తేవడం

జూన్ చివరి లోపు ప్రతి ఇంటికీ ఒక కాగితం చేరాలి. అందులో ఈ ఏడాది బిడ్డ ఏమేమి నేర్చుకోబోతున్నాడో, ఎప్పటికి నేర్చుకోవాలో ఉండాలి. పాఠ్యపుస్తకంలోని విషయసూచికను దించి పంపడం చాలామంది చేసే పొరపాటు. ‘యూనిట్ 4: గుణకారం’ అన్న ముక్క వల్ల తల్లికి ఒరిగేదేమీ లేదు. ‘దసరా సెలవుల లోపు పన్నెండో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పాలి. సంక్రాంతి లోపు 96 మామిడికాయలను 8 మందికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయో కాగితం మీద చేసి చూపాలి’ అని రాస్తే, ఆమెకు చదువు వచ్చినా రాకపోయినా బిడ్డ ఎక్కడున్నాడో తానే కనిపెట్టగలదు.

గడువులను ఎఫ్ఏ-1, ఎస్ఏ-1 అన్న పరీక్షల పేర్లతో కాకుండా పండుగలతో, సెలవులతో ముడిపెట్టడం మంచిది. వినాయక చవితి, దసరా, సంక్రాంతి, మార్చి 15 నుంచి సాధారణంగా మొదలయ్యే ఒంటిపూట బడులు ప్రతి ఇంటివారికీ తెలిసిన గుర్తులు. పరీక్షల పేర్లు పక్కన చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. తెలుగులో ఈ ఏడాది చివరికి బిడ్డ చూడని పేజీ ఇచ్చినా వత్తులు మింగకుండా చదివి, చదివినదాన్ని అయిదారు వాక్యాల్లో చెప్పగలగాలి. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు చదివి అర్థం చెప్పగలగాలి. మన లెక్కలు, పరిసరాల విజ్ఞానం పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటాయన్న సంగతి కూడా ఆ కాగితంలో రాయండి. ‘ఇంగ్లీషు మీడియం కదా, మేమేం చెప్పగలం సార్’ అని వెనక్కి తగ్గే తండ్రికి, ఎడమవైపో కుడివైపో తనకు తెలిసిన భాషలోనే అదే పాఠం ఉందని తెలియడం పెద్ద ధైర్యం.

కాగితం వెనకవైపు ఒక విషయం మాత్రమే ఉండాలి. జూన్‌లో మీరు తీసిన తొలి అంచనా అది. ప్రతి బిడ్డ చేత రెండో తరగతి వాచకంలో ఒక పేరా చదివించి, అరువు తెచ్చుకొని చేసే తీసివేత ఒకటి, తేలిక గుణకారం ఒకటి చేయించి, ఏవి వచ్చాయో ఏవి రాలేదో చేతిరాతతో రాయండి. ఏప్రిల్‌లో మాట్లాడవలసి వచ్చినప్పుడు మొదలు ఎక్కడో తెలియకపోతే ప్రగతి అన్న మాటకు ఆధారమే ఉండదు.

మూడో పని: శనివారం కబురు

ఏడాది పొడవునా ఆగకుండా నడవవలసినది ఇదొక్కటే. మిగిలినవన్నీ ఒక వారం అటూ ఇటూ అయినా ఫరవాలేదు కానీ, శనివారం కబురు శనివారమే వెళ్ళాలి. మూడు సంగతులకు మించకూడదు. ఈ వారం తరగతిలో ఏం నేర్చుకున్నారు, ఇంట్లో ఏం చేయించాలి, వచ్చే వారానికి ఏం కావాలి. నేను పంపిన కబుర్లలో ఒకటి ఇలా ఉంటుంది:

‘నమస్కారమండీ. ఈ వారం లెక్కల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో గుణించడం నేర్చుకున్నాం. రేపు తీరిక చూసుకొని బిడ్డ చేత ఆరో ఎక్కం, ఏడో ఎక్కం అప్పజెప్పించుకోండి. మీకు ఎక్కాలు రాకపోయినా ఇబ్బంది లేదు, ఎక్కడ ఆగుతున్నారో చూస్తే చాలు. సోమవారం స్కేలు పంపండి.’

దీన్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అక్షరాల్లో పెట్టి, అదే మాటలను గొంతుతో చదివి ఒక నిమిషం లోపు వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాలి. మా ఊళ్ళో వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాక సోమవారం నాడు స్కేళ్ళూ పెన్సిళ్ళూ ఎక్కువమంది సంచుల్లో కనబడ్డాయి. రాత్రి ఏడు గంటల నుంచి ఎనిమిది మధ్య పంపడం మేలు. పొలం నుంచి వచ్చి, పొయ్యి వెలిగించి, ఫోను చేతిలోకి తీసుకునే వేళ అది. ఉదయం పది గంటలకు పంపిన మెసేజ్ సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద పూడుకుపోతుంది. అందుకే గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చుకోండి. తల్లిదండ్రులు మీతో మాట్లాడాలనుకుంటే విడిగా మాట్లాడతారు. పార్టీల పోస్టులు, లాటరీ లింకులు, అమ్మకాల ప్రకటనలు నడిచే గ్రూపును ఎవరూ తెరవరు.

గ్రూపులో పెట్టకూడనివి కూడా ముందే నిర్ణయించుకోవాలి. ఏ బిడ్డ మార్కులూ పేరుతో పెట్టకూడదు, మంచి మార్కులైనా సరే. ఎందుకంటే పెట్టని పేర్లను కూడా అందరూ చదువుతారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులోకి పంపవద్దని తల్లులకు జూన్‌లోనే చెప్పాలి, పొరపాటున ఎవరైనా పంపితే వెంటనే తొలగించాలి. పిల్లల ఫొటోలు పెట్టే ముందు ఇంటివారిని అడగాలి.

ఫోను లేని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఫోను ఉన్నా రీచార్జి అయిపోయిన ఇళ్ళు అంతకంటే ఎక్కువ. వారికోసం బడి గేటు పక్కన గోడకు ఒక చిన్న నల్లబల్ల తగిలించి, అదే శనివారం కబురును పెద్ద అక్షరాలతో రాయండి. దాన్ని రాసే పని వారానికొక బిడ్డకు అప్పగిస్తే చేతిరాత సాధన కూడా అవుతుంది. డైరీలో రాయించి పంపే పద్ధతి అన్నిటికంటే పాతది. అయితే దానికి ఒక చిన్న మార్పు చేయాలి: డైరీని తల్లి చదవనక్కరలేదు, బిడ్డే అమ్మ ఎదుట కూర్చొని గట్టిగా చదివి వినిపించాలి. చదవగానే ఆమె ఒక గీత గీసినా, వేలిముద్ర వేసినా, పసుపు బొట్టు పెట్టినా సంతకంగానే లెక్క. కబురు చేరుతుంది, బిడ్డకు ఆ పూట చదువూ అవుతుంది.

చదువు రాని తల్లికి కబురెందుకని అనుకునేవారు మనలోనూ ఉన్నారు. ఆ మాట ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో అనకూడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్ళలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే, వాచకంలో చదివిన పాఠాన్ని తమ ఇళ్ళ సంగతులతో పోల్చుకొని సారా కొట్టును మూయించారు. ఆ ఊరి మహిళ రోశమ్మ పేరుతో మొదలైన ఆ కదలిక 1992 నాటికి ఉద్యమమై, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. చదవడం ఆలస్యంగా వచ్చినవారికి, అసలే రానివారికి కూడా బిడ్డ చదువు సంగతి చెబితే ఏం చేయాలో తెలుస్తుంది. చెప్పే పని మనది.

నాలుగో పని: ఒక్కొక్క బిడ్డ గురించి, నెలకొకసారి

శనివారం కబురు తరగతి మొత్తానికి సంబంధించినది. బిడ్డ గురించి విడిగా చెప్పవలసినది వేరే ఉంటుంది. తరగతిలో ఇరవై ఎనిమిది మంది ఉన్నారనుకుంటే, రోజుకు ఇద్దరి చొప్పున బడి విడిచాక ఫోను చేస్తే మూడు వారాల్లో అందరూ పూర్తవుతారు. నాలుగో వారం తప్పిపోయినవారికి. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న బడిలో ఇది సాధ్యం కాదు. అక్కడ రెండు నెలలకొకసారి పెట్టుకోవాలి, వెనకబాటు కనిపించిన అయిదారుగురికి మాత్రం నెలనెలా చేయాలి.

ప్రతి ఫోనులోనూ చెప్పవలసినవి మూడు: బిడ్డకు వచ్చినది ఒకటి, ఇంకా రానిది ఒకటి, ఇంట్లో చేయగలిగినది ఒకటి. ఈ వరుస మారకూడదు. ‘మీవాడు లెక్కల్లో వీక్ అమ్మా’ అంటే తల్లి చేయగలిగిందల్లా బాధపడటమే, కోపం వస్తే రెండు తగిలించడమే. దానికి బదులు, ‘గుణకారంలో ఎక్కం సరిగ్గా చెబుతున్నాడు, కానీ పదుల స్థానానికి పంపవలసిన అంకెను కలపడం మరిచిపోతున్నాడు, రోజుకు రెండు లెక్కలు నోట్‌బుక్‌లో ఇచ్చాను, పడుకునే ముందు అవి చేశాడో లేదో చూడండి’ అంటే, ఆమె చూడవలసినది ఏమిటో చేతికి దొరుకుతుంది. చదవడంలో కూడా అంతే. ‘చదవలేకపోతోంది’ అనడం వేరు, ‘ఒత్తులు లేని మాటలు చదువుతోంది, క్త, ష్ట వంటివి వచ్చినప్పుడు ఊహించి చెప్పేస్తోంది’ అనడం వేరు. ఏ లోపం ఎక్కడుందో ఇలా చెప్పాలంటే ముందు మనం చూసి ఉండాలి. ఆ ఫోనులు చేయవలసి వస్తుందన్న ఎరుక నన్ను తరగతిలో నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఎన్నోసార్లు సోమరితనం నుంచి కాపాడింది.

ఇంట్లో చేయించే పని ఆ ఇంటి పనుల్లోంచే రావాలి. కిరాణా చీటీలో సరుకుల ధరలు కూడమనండి. కరెంటు బిల్లులో కిందటి నెల రీడింగు, ఈ నెల రీడింగు చూసి తేడా కట్టమనండి. బస్సు ముందు బోర్డు చదవమనండి. పొగాకు బేళ్ళు వేలం కేంద్రంలో అమ్మివచ్చాక తూకం కాగితంలోని బరువులు కూడి చెప్పమనండి. రొయ్యల చెరువుల వైపు ఊళ్ళలో మేత బస్తాల లెక్క ఉంటుంది, కోవూరు, ఇందుకూరుపేట వైపు వరి బస్తాల లెక్క ఉంటుంది. ట్యూషను పెట్టించమని సలహా ఇవ్వడం తేలికే కానీ, కూలి మీద బతికే ఇంటికి అది నెలనెలా బరువు.

ఎదుటివారు చెప్పేది కూడా రాసుకోవాలి. ‘రాత్రిళ్ళు కళ్ళు నులుముకుంటోంది సార్’ అన్న ఒక్క మాటతో బిడ్డను ముందు బెంచీకి మార్చి, కంటి పరీక్షకు పంపిన సందర్భాలున్నాయి. బోర్డు కనపడక తప్పులు రాసే బిడ్డను అశ్రద్ధ అని మందలించడం ఎంత తేలికో ఆలోచించండి.

ఐదో పని: మార్కుల కాగితాన్ని విప్పి చెప్పడం

మన ప్రాథమిక పాఠశాలల్లో ఏడాది పొడవునా నిర్మాణాత్మక మూల్యాంకనాలు (పాఠాలు నడుస్తుండగా చూసే ఎఫ్ఏలు), సంగ్రహణాత్మక మూల్యాంకనాలు (చదివినదంతా కలిపి పెట్టే పెద్ద పరీక్షలు, ఎస్ఏలు) ఉంటాయి. వాటి ఫలితం గ్రేడుగా ఇంటికి వెళ్తుంది. గ్రేడు చూసి ఇంటివారు తెలుసుకునేది చాలా తక్కువ. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికీ, నోట్‌బుక్ రాతకూ మార్కులు కలుస్తాయి కాబట్టి, చూసి అందంగా దించిన బిడ్డకు కూడా మంచి గ్రేడు రావచ్చు. అలాంటి ఒక అమ్మాయి తల్లి, కార్డు చూసి సంతోషంతో బడికి మిఠాయి తెచ్చింది. ఆ అమ్మాయికి అప్పటికి ఒక పేరా చదవడం రాదు. తప్పు ఆ తల్లిది కాదు, కార్డు మీద అక్షరం వేసి చేతులు దులుపుకున్న నాది.

అప్పటి నుంచి ప్రతి కార్డుతోపాటు జవాబు పత్రాన్ని కూడా పంపుతున్నాను. ఒక జవాబు కింద పచ్చ పెన్నుతో గీత గీసి ‘ఇది బాగా రాసింది’ అనీ, మరొకదాని కింద ‘ఇది మళ్ళీ నేర్పుతున్నాను’ అనీ రాస్తాను. గ్రేడు పక్కన ఒక వాక్యం ఉండాలి, ఆ వాక్యంలో బిడ్డ చేయగలిగిన పని ఉండాలి. ర్యాంకులు వేయకండి. పక్కింటి బిడ్డతో పోల్చి అడిగితే, జూన్ కాగితం వెనకవైపు చూపించి, ఈ బిడ్డ అప్పుడెక్కడ, ఇప్పుడెక్కడ అని మాత్రమే మాట్లాడండి.

ఆరో పని: ఎదురెదురుగా కూర్చోవడం

రాష్ట్రవ్యాప్తంగా 2024 డిసెంబరు 7న, ఆ తరువాత 2025 జులై 10న జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశాల వల్ల అంతకు ముందు బడి ముఖం చూడని తండ్రులు కూడా వచ్చారు. అది మంచిదే. అయితే ముగ్గులు, ఆటలు, అతిథుల మాటలు, భోజనాలు నడిచే రోజున ఒక బిడ్డ భాగహారం గురించి పది నిమిషాలు మాట్లాడటం కుదరదు. ఆ రోజును పరిచయానికి, నంబర్లు సరిచేసుకోవడానికి, విడిగా కలిసే తేదీ ఇవ్వడానికి వాడుకోండి. అసలు మాటలు ఏడాదికి మూడుసార్లు, చిన్న గుంపులుగా పెట్టుకొనే సమావేశాల్లో జరగాలి. ఆగస్టులో ఒకటి, దసరా తరువాత ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి.

తేదీ, వేళ ఊరి పనులను బట్టి నిర్ణయించాలి. సంక్రాంతి దాటాక మా వైపు ఊరు ఊరంతా పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గరే ఉంటుంది, ఆకు కోత, కట్టడం, కాల్చడం రాత్రింబగళ్ళు నడుస్తాయి. ఫిబ్రవరిలో మధ్యాహ్నం మూడు గంటలకు సమావేశం పెట్టి ఎవరూ రాలేదని నిట్టూర్చడం మన తప్పే. ఆ నెలలో నేను బడిలో సమావేశం పెట్టడం మానేసి, ఒక సాయంత్రం బ్యారన్ల దగ్గరికే నోట్‌బుక్కులు పట్టుకొని వెళ్ళాను. ‘ముందే చెప్పుంటే మేమే వచ్చేవాళ్ళం గదా సారూ’ అన్నారు కానీ, వచ్చేవారు కాదని వారికీ నాకూ తెలుసు. కొన్ని వాడల్లో ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక అరగంట అడిగితే అందరూ ఒకేచోట దొరుకుతారు. నెల్లూరు డెల్టా పల్లెల్లో వరి కోతల రోజులు తప్పించుకోవాలి.

కూర్చునే తీరు కూడా ముఖ్యమే. టీచరు కుర్చీలో, తల్లి నేల మీద అయితే ఆమె నోరు విప్పదు. అందరూ కుర్చీల్లో, లేదా అందరూ చాప మీద. ముందు ఆమెను మాట్లాడనివ్వండి. ‘బిడ్డ ఇంటికొచ్చి బడి సంగతులు ఏం చెబుతోందమ్మా?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే తేలికగా మాట కలుస్తుంది. ఆ తరువాత బిడ్డనే పిలిచి, తన నోట్‌బుక్‌లో తనకు నచ్చిన పేజీ ఒకటి, కష్టమనిపించిన పేజీ ఒకటి తల్లికి చూపించమనండి. మనం చెప్పవలసినదాంట్లో సగం ఆ బిడ్డే చెప్పేస్తుంది.

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు ఉండాలి. నాలుగో తరగతి తరఫున ఉన్న సభ్యురాలి పేరు, ఇల్లు జూన్ కాగితంలోనే రాసిపెట్టండి. టీచరుతో నేరుగా అనలేని మాటను ఆమెతో అనగలుగుతారు.

కష్టమైన కబురు

గైరుహాజరు, దెబ్బలాట, దొంగతనం, జబ్బు వంటి సంగతులు ఆ రోజే తెలియాలి, ఫోనులోనే తెలియాలి, ఆ ఇంటికి మాత్రమే తెలియాలి. ఈ మూడో షరతును నేను ఒక ఏడాది పట్టించుకోలేదు. హాజరు పెంచాలన్న తాపత్రయంతో రాని పిల్లల పేర్లు రోజూ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఒకనాటి రాత్రి ఒక తండ్రి అందరి ఎదుటా పరువు పోయిందని కొడుకును చితకబాదాడు. చెల్లెలికి జ్వరం వస్తే, తల్లి కూలికి వెళ్ళిన పూట వాడు ఆ పాపకు కాపలా ఉన్నాడని నాకు తరువాత తెలిసింది. వాడు మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వచ్చాడు కానీ ఏడాది చివరి వరకూ నా కళ్ళలోకి చూడలేదు.

ఇప్పుడు రాని బిడ్డ ఇంటికి పదిన్నర లోపు ఫోను చేస్తాను. మొదటి మాట ‘ఎందుకు పంపలేదు’ అని కాకుండా ‘బిడ్డ బాగున్నాడా’ అని ఉంటుంది. రెండో రోజు కూడా రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్తాను. తల్లికి వందనం పథకానికి 75 శాతం హాజరు కావాలన్న నిబంధనను జూన్‌లో అందరికీ ఒకసారి, దసరా సెలవుల ముందు హాజరు తక్కువ ఉన్నవారికి విడిగా మరోసారి చెప్పాలి. అంతకు మించి దాన్ని బెదిరింపుగా వాడకూడదు. పిల్లల దెబ్బలాట విషయంలో ఇద్దరి ఇళ్ళకూ ఒకే మాట, ఒకే సాయంత్రం చెప్పాలి. ఒక ఇంటికి ఆలస్యమైతే ఊళ్ళో మరో కథ ముందుగా చేరుతుంది. బిడ్డను కొట్టమని కానీ, కొట్టినా ఫరవాలేదని కానీ తల్లిదండ్రులు అన్నప్పుడు, శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని మర్యాదగా చెప్పి ఊరుకోవాలి.

తప్పు మన వైపు జరిగినా ఇదే పద్ధతి. అన్నంలో పురుగు వచ్చినా, ఆటలో బిడ్డకు దెబ్బ తగిలినా, బిడ్డ నోటి నుంచి వినే లోపే మన నోటి నుంచి ఇంటివారు వినాలి.

సంక్రాంతి తరువాత: గురుకులం, నవోదయ

నాలుగో తరగతి తల్లిదండ్రులకు మాత్రమే సంబంధించిన కబురు ఇది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశానికి దరఖాస్తు చేయవలసినది నాలుగో తరగతి చదువుతున్న పిల్లలే. ఈ సంగతి తెలియక, ఐదులో చూద్దాంలే అని ఊరుకొని అవకాశం పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ప్రకటన వచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు సచివాలయంలో డిసెంబరులోనే దరఖాస్తు పెట్టుకోమని చెప్పండి. పంపాలా వద్దా అన్నది వారి నిర్ణయం. హాస్టలు జీవితం, ఇంటి మీద బెంగ, దూరం గురించి అడిగితే నిజం చెప్పాలి, మన తరగతిలో సంఖ్య తగ్గిపోతుందని వెనక్కి లాగకూడదు.

నవోదయ సంగతి వేరు. ఆ పరీక్ష ఐదో తరగతిలో రాస్తారు, ప్రవేశం ఆరులో. అయినా ఈ ఏడాదే చెప్పవలసిన మెలిక ఒకటుంది. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు కేటాయిస్తారు. ఆ కోటా వర్తించాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతపు బడుల్లోనే పూర్తిగా చదివి ఉండాలి. నాలుగో తరగతి మధ్యలో బిడ్డను పట్నంలోని కాన్వెంటుకు మార్చాలనుకునే తండ్రికి ఈ ఒక్క నిబంధన ముందుగా తెలిస్తే, ఆ మార్పుకు ఎంత ఖర్చవుతుందో తానే లెక్క వేసుకుంటాడు.

మార్చి, ఏప్రిల్

ఒంటిపూట బడులు మొదలయ్యే వారం ముందు బడి వేళలు, మధ్యాహ్న భోజనం వేళ, ఇంటికి పంపే సమయం మూడూ ఒకే కబురులో పంపండి. మిట్టమధ్యాహ్నం ఇంటికి చేరిన బిడ్డకు తలుపు తీసేవారు ఉన్నారో లేదో వారు చూసుకోవాలి. చెరువులు, బావులు, గ్రానైటు తవ్విన గుంతల్లోకి ఈతకు వెళ్ళవద్దన్న హెచ్చరిక కూడా దానితోనే వెళ్ళాలి.

ఏప్రిల్‌లో ఆఖరి సమావేశానికి జూన్ కాగితాన్ని వెంట తెమ్మనండి. పోగొట్టుకున్నవారికి మీ పుస్తకంలో నకలు ఉంటుంది. అప్పుడు చదివించిన పేరానే మళ్ళీ తల్లి ఎదుట చదివించి, ఆ రోజుటి లెక్కలే మళ్ళీ చేయించండి. ఇంకా రానివి ఏవో, ఐదో తరగతిలో అవి ఎక్కడ అడ్డుపడతాయో చెప్పి, వేసవికి రోజుకు ఒక పేజీ చదువు, రెండు లెక్కలు మించకుండా ఇవ్వండి.

సెలవులకు ముందు చివరి పనిగా కబుర్ల పుస్తకాన్ని ఐదో తరగతి టీచరుకు అప్పగించాలి. అప్పగించే ముందు మారిన ఫోను నంబర్లు దిద్ది, ఇంటింటి గొడవలు, అప్పుల సంగతులు ఏవైనా మీరు రాసుకొని ఉంటే ఆ పేజీలు చించేయండి. ఏ ఇంటికి ఏ వేళ ఫోను చేస్తే పలుకుతారో, ఎవరికి చీటీ కంటే మాట మంచిదో, ఏ బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటుందో మాత్రం అలాగే ఉంచండి.